సీటు వచ్చింది సరే, మెస్ బిల్లు సంగతేంది?

"మా వోడు యూనివర్సిటీలో చదవతా ఉండాడు" అని నెల్లూరు జిల్లా కొండాపురంలో ఎవరైనా చెబితే, వెంటనే అడగాల్సిన మాట ఒకటుంది: ఎక్కడ? ఆ పిల్లవాడు కావలి జవహర్ భారతిలోనో, ఆత్మకూరు డిగ్రీ కాలేజీలోనో చదువుతూ ఉండొచ్చు. అతని సర్టిఫికెట్ మీద విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పేరుంటుంది కానీ అతను ఆ విశ్వవిద్యాలయం గడప తొక్కి ఉండకపోవచ్చు. లేదా నెల్లూరు దగ్గర కాకుటూరులో, ఆ విశ్వవిద్యాలయం సొంత క్యాంపస్‌లోనే పీజీ చేస్తూ ఉండొచ్చు. అదీ కాకపోతే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, అంటే అందరూ ఎస్వీయూ అనే చోట, హాస్టల్‌లో ఉంటూ ఉండొచ్చు. ఇంట్లో మొదటిసారి ఒకరు పీజీదాకా వచ్చిన కుటుంబాలకు ఈ మూడింటికీ తేడా ఎవరూ విడమరిచి చెప్పరు. ఫీజు కట్టే రోజు వచ్చాకే తెలుస్తుంది.

అనుబంధ కాలేజీ విషయంలో విశ్వవిద్యాలయం చేసేది తక్కువ పనే. సిలబస్ ఇస్తుంది, పరీక్ష పెడుతుంది, మార్కులు వేస్తుంది, పట్టా ఇస్తుంది. పాఠం చెప్పే మేష్టారు, ల్యాబు, బెంచీ, ఫీజు రసీదు అన్నీ కాలేజీవే. క్యాంపస్‌లో అయితే ఇవన్నీ విశ్వవిద్యాలయానివే. పాఠం చెప్పే ప్రొఫెసరే ప్రశ్నపత్రం తయారు చేయొచ్చు, ఆయనే హాస్టల్ వార్డెన్ కూడా కావొచ్చు. కాగితం మీద రెండూ డిగ్రీలే, బతుకు మాత్రం వేరు. ఇక్కడ చెప్పబోయేది తిరుపతి క్యాంపస్ బతుకు గురించి.

నెల్లూరు జిల్లాకు సొంత విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. అంతకుముందు ఈ జిల్లా డిగ్రీ కాలేజీలు ఎస్వీయూ కిందే ఉండేవి. కావలిలోని పీజీ కేంద్రం కూడా మొదట వాళ్లదే, తర్వాత సింహపురికి వచ్చింది. అందుకే మన ఊళ్లలో యాభై దాటిన పట్టభద్రుల సర్టిఫికెట్లు తీస్తే ఎక్కువ వాటి మీద వెంకన్న పేరే కనపడుతుంది. సీమకు ఉన్నత విద్యా కేంద్రం కావాలన్న మాట 1937 శ్రీబాగ్ ఒప్పందంలోనే ఉంది. అయితే అందులో అనుకున్నది అనంతపురం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా ఉండగా, 1954 సెప్టెంబరు 2న విశ్వవిద్యాలయం తిరుపతిలో మొదలైంది. శేషాచలం కొండల అడుగున దేవస్థానం ఇచ్చిన సుమారు వెయ్యి ఎకరాల్లో అది పెరిగింది. మొదటి వైస్ ఛాన్సలర్ ఎస్. గోవిందరాజులు నాయుడు. ఇంజనీరింగ్ కాలేజీ 1959లో వచ్చింది. ఆ తర్వాత అదే చెట్టు కొమ్మలు విరిచి నాటినట్టు అనంతపురం, కడప, కర్నూలు, నెల్లూరుల్లో కొత్త విశ్వవిద్యాలయాలు లేచాయి. పరిధి తగ్గినా పేరు తగ్గలేదు.

సొంత జిల్లాలో విశ్వవిద్యాలయం ఉండగా తిరుపతి ఎందుకు? కాకుటూరులో లేని కోర్సులు అక్కడ ఉన్నాయి, లైబ్రరీ పాతది, హాస్టళ్లు పెద్దవి. వీటికి తోడు, తక్కువ మందికి తెలిసిన కారణం ఇంకొకటి ఉంది. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ప్రవేశాల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. ఆ లెక్కలో నెల్లూరు జిల్లా ఇప్పటికీ ఎస్వీయూ ప్రాంతమే. సింహపురి వచ్చినంత మాత్రాన మనం పరాయివాళ్లం కాలేదు. చిత్తూరు, కడప పిల్లలతో సమానంగా ఆ 85లో పోటీ పడొచ్చు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. స్థానికత పుట్టిన ఊరిని బట్టి రాదు, చదివిన చోటును బట్టి వస్తుంది. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో కలిపి వెనక్కి వరుసగా నాలుగేళ్లు ఏ ప్రాంతంలో చదివారో ఆ ప్రాంతం స్థానికులవుతారు. పీజీకి అర్హత డిగ్రీ. మూడేళ్ల డిగ్రీతో పాటు ఇంటర్ రెండో ఏడాది కూడా లెక్కలోకి వస్తుంది. కొండాపురం పిల్ల కావలిలో ఇంటర్, డిగ్రీ చేస్తే చిక్కు లేదు. అదే పిల్ల పెదనాన్న వాళ్లింట్లో ఉండి ఇంటర్, డిగ్రీ రెండూ ఒంగోలులో చదివిందనుకోండి, ఒంగోలు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం కాబట్టి అక్కడి స్థానికురాలవుతుంది. తిరుపతిలో మిగిలిన 15 శాతం సీట్లలోనే చూసుకోవాలి. ఇంటర్ కావలిలో, డిగ్రీ ఒంగోలులో చేస్తే నాలుగేళ్లు ఒకచోట పడవు కాబట్టి ఏడేళ్లు వెనక్కి లెక్కేసి, ఎక్కడ ఎక్కువ కాలం చదివితే అక్కడి స్థానికురాలిగా చూస్తారు. తొమ్మిది, పది, ఇంటర్ కలిపి నాలుగేళ్లు మన వైపు, డిగ్రీ మూడేళ్లు అటు. అప్పుడు మనమే. ఇంటర్లో చేర్పించేటప్పుడు దీని గురించి ఆలోచించే తల్లిదండ్రులు అరుదు. స్టడీ సర్టిఫికెట్లు భద్రంగా దాచే ఇళ్లు ఇంకా అరుదు.

2021 నుంచి రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నిటికీ పీజీసెట్ అనే ఒకే ప్రవేశ పరీక్ష. అంతకుముందు ఏ విశ్వవిద్యాలయానికి ఆ దరఖాస్తు, ఆ పరీక్ష. ఇప్పుడు ఒక్క పరీక్ష రాసి, వెబ్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకోవాలి. ఇంటర్నెట్ సెంటర్‌లో కుర్రాడు పెట్టిన ఆప్షన్ల వరుసే బతుకు వరుస అవుతుంది. క్యాంపస్ ముందా, ప్రైవేటు కాలేజీ ముందా అన్నది అక్కడ కూర్చున్న అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. పీజీకి ఈ వరుస మరీ ముఖ్యం. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసి, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వాళ్లకే మిగిల్చింది. ర్యాంకు ఉండి కూడా, ఇంటికి దగ్గరని ప్రైవేటు కాలేజీని పైన పెట్టుకున్న పిల్లలు ఫీజు మొత్తం చేతి డబ్బుతో కట్టుకోవాల్సి వచ్చింది.

ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో గట్టెక్కినా, క్యాంపస్‌లో పిల్లల్ని నిజంగా నలిపేది మెస్ బిల్లు. దీన్ని కాస్త నిదానంగా చూద్దాం.

హాస్టల్ గది అద్దె పెద్దది కాదు. తిండి ఖర్చు మాత్రం ఇంతని ముందే చెప్పరు. చాలా విశ్వవిద్యాలయ హాస్టళ్లలో డివైడింగ్ పద్ధతి నడుస్తుంది. అంటే నెలలో బియ్యం, పప్పు, నూనె, పాలు, కూరగాయలు, గుడ్లు, ఆదివారం కోడికూర, గ్యాసు, వంటవాళ్ల కూలి అన్నీ కూడి, ఆ మొత్తాన్ని అందరి హాజరు రోజుల మొత్తంతో భాగిస్తారు. వచ్చేది రోజు రేటు. మీరు ఎన్ని రోజులు హాజరైతే అన్ని రోజులకు ఆ రేటు.

ఊహకు ఒక లెక్క వేద్దాం. హాస్టల్‌లో 200 మంది. నెలకు 30 రోజులు, అంటే 6,000 హాజరు రోజులు. సరుకులకు 4 లక్షల 20 వేలు, గ్యాసుకు, మనుషులకు 1 లక్షా 80 వేలు, మొత్తం 6 లక్షలు. రోజుకు 100 రూపాయలు, నెల బిల్లు 3,000. ఇక సంక్రాంతి నెల చూడండి. 120 మంది పది రోజులు ఊళ్లకు పోయి మెస్ కట్ రాయించుకున్నారు. హాజరు రోజులు 4,800కు పడ్డాయి. సరుకుల ఖర్చు కూడా దానికి తగ్గట్టు 3 లక్షల 36 వేలకు దిగింది. కానీ గ్యాసు, వంటవాళ్ల ఖర్చు అంతే ఉంది. మొత్తం 5 లక్షల 16 వేలు. భాగిస్తే రోజుకు 107 రూపాయల 50 పైసలు. పండక్కి ఇంటికి పోనివాడికి బిల్లు 3,225. ఇంటికి పోవడానికి చార్జీల్లేక ఉండిపోయినవాడే పోయినవాళ్ల గ్యాసు ఖర్చు కూడా మోస్తున్నాడన్నమాట. ఇందులో ఎవరి మోసమూ లేదు, భాగహారం అలా ఉంది.

మోసం వేరేచోట ఉంటుంది. పట్టికలో పేరు లేకుండా గదుల్లో ఉండేవాళ్లను నాన్ బోర్డర్లంటారు. కోర్సు అయిపోయినా గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకుంటూ స్నేహితుడి గదిలో చాప వేసుకున్నవాళ్లే ఇందులో ఎక్కువ. పై లెక్కలోనే ఇరవై మంది అలా నెలంతా తిన్నారనుకోండి. మనిషికి రోజుకు 70 రూపాయల సరుకు, నెలకు 42 వేలు. ఆ డబ్బు 6,000 హాజరు రోజుల మీద పడి, ప్రతి ఒక్కరి రోజు రేటు 7 రూపాయలు పెరుగుతుంది, నెలకు 210. వాళ్లను తరిమేయాలనేవాళ్లు ఈ 210 చూపిస్తారు. "రేపు మనమూ అంతేగదన్నా" అనుకునేవాళ్లు నోరు మెదపరు. నా మట్టుకు నాకు రెండోవాళ్ల మీదే జాలి ఎక్కువ. కానీ బిల్లు జాలి పడదు.

ఈ బిల్లుకు ప్రభుత్వం ఇచ్చేది ఎంత? 2020 ఫిబ్రవరిలో మొదలైన వసతి దీవెన పథకం డిగ్రీ, ఆపై చదువులవాళ్లకు ఏడాదికి 20 వేలు రెండు విడతల్లో తల్లుల ఖాతాలో వేస్తామంది. ఏడాదిలో పది నెలలు హాస్టల్‌లో ఉంటారనుకుంటే నెలకు 2 వేలు, రోజుకు 67 రూపాయలు కూడా నిండా పడదు. మూడు పూటల తిండి, సబ్బు, జిరాక్సు, చార్జీలు అన్నీ అందులోనే. ఏ పథకమైనా, ఏ ప్రభుత్వమైనా, డబ్బు విడతలుగా వస్తుంది, మెస్ బిల్లు నెలనెలా వస్తుంది. మధ్యలో గ్యాపు నింపేది ఇంటి డబ్బే.

ఆ ఇంటి డబ్బు ఎప్పుడు వస్తుంది? కొండాపురం, కలిగిరి, ఉదయగిరి మెట్టలో బ్యారన్ పొగాకు వేసే కుటుంబాలకు చేతికి డబ్బు కనపడేది కలిగిరి, డీసీ పల్లి వేలం కేంద్రాల్లో బేళ్లు అమ్ముడయ్యే ఎండాకాలం రోజుల్లో. పీజీ ప్రవేశాలు, హాస్టల్ డిపాజిట్లు పడేది ఆ తర్వాతి నెలల్లో. అదే నారు, ఎరువు, కూలీలకు డబ్బంతా నేల మీద పోసే కాలం. చేతిలో ఏమీ లేనప్పుడు కట్టమంటారు, చేతికొచ్చేసరికి సెలవులు ఇచ్చేస్తారు. అందుకే మొదటి సెమిస్టర్ మెస్ బాకీ పెట్టని మెట్ట ప్రాంతపు పిల్లలు తక్కువ. బాకీ ఉంటే హాల్ టికెట్ ఆపుతారన్న భయం, ఆ భయంతో ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చే పదివేలు, ఇవి క్యాంపస్ ప్రాస్పెక్టస్‌లో కనపడవు.

ఇక తిరుపతి ఊరి సంగతికి వద్దాం. ప్రపంచంలో యూనివర్సిటీ ఊళ్లనేవి కొన్ని ఉన్నాయి. అమెరికాలో ఆన్ ఆర్బర్ అలాంటిది. జనాభా లక్షా పాతిక వేల లోపు, విద్యార్థులే దాదాపు యాభై వేలు. అక్కడి హోటళ్లు, అద్దెలు, బస్సులు విద్యార్థి జేబును బట్టే నడుస్తాయి. వేసవిలో పిల్లలు వెళ్లిపోతే ఊరు బోసిపోతుంది. తిరుపతి అలా కాదు. 2011 లెక్కల్లో నగర జనాభా మూడు లక్షలకు కాస్త తక్కువ. కొండ మీద దర్శనం చేసుకునేవాళ్లు మామూలు రోజుల్లోనే 60 నుంచి 80 వేల మంది. నాలుగైదు రోజుల్లో ఊరంత జనం వచ్చిపోతారు. వేసవిలో విద్యార్థులు ఊళ్లకు పోయినా ఊరు బోసిపోదు సరికదా, ఇంకా కిటకిటలాడుతుంది. ఎస్వీయూతో పాటు పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, సంస్కృత విశ్వవిద్యాలయం, వెటర్నరీ, మెడికల్ కాలేజీలు, 2015 నుంచి ఐఐటీ, ఐసర్ ఇన్ని ఉన్నా, ఊరు చూసేది యాత్రికుడి వైపే. ఒక్క రాత్రికి గది అద్దెకిస్తే వచ్చే డబ్బుకూ నెల అద్దెకూ పోలిక లేనప్పుడు ఇంటాయన విద్యార్థికి ఎందుకిస్తాడు? హాస్టల్ దొరకనివాళ్లు రైల్వే స్టేషను చుట్టుపక్కల వదిలేసి ఊరి అంచులకు జరగాల్సిందే. బ్రహ్మోత్సవాలప్పుడో, వైకుంఠ ఏకాదశికో ఊరికి బయల్దేరితే బస్టాండులో సీటు దొరకదు.

లాభం కూడా ఉంది, కాదనలేం. యాత్రికుల కోసం రాత్రంతా బస్సులు, రైళ్లు తిరుగుతాయి. ఏ వేళకు దిగినా ఇడ్లీ దొరుకుతుంది, ఆడపిల్ల తెల్లవారుజామున రైలు దిగినా వీధిలో మనుషులుంటారు. పరీక్షలయ్యాక అలిపిరి మెట్లెక్కడం పిల్లలకు సగం భక్తి, సగం షికారు. 3,550 మెట్లు, టికెట్ లేదు. మన వైపునుంచి పోవాలంటే బస్సులో కావలి, అక్కడినుంచి రైలెక్కి నెల్లూరు, గూడూరు, రేణిగుంట మీదుగా తిరుపతి. నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం పామూరు, వింజమూరు, ఆత్మకూరు, వెంకటగిరి మీదుగా పడుతోంది. అది పూర్తయితే మెట్ట పిల్లలకు కావలి చుట్టు తప్పుతుంది. క్యాంపస్‌లో "కొండాపురం" అంటే మాత్రం ఇప్పటికీ ముందు అడిగేది "కడప కొండాపురమా, గండికోట ముంపుదా?" అనే. నెల్లూరు కొండాపురమని, ఉదయగిరి పక్కదని ప్రతిసారీ చెప్పుకోవాలి.

చదువు సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది అన్ని చోట్లా దాదాపు ఒకటే. రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. ప్రతి సబ్జెక్టులో కొంత భాగం ఇంటర్నల్, మిగతాది సెమిస్టర్ చివరి పరీక్ష. హాజరు 75 శాతం ఉండాలి. అంతకంటే తగ్గితే డాక్టర్ సర్టిఫికెట్, కండొనేషన్ ఫీజు. స్కాలర్‌షిప్పుకూ ఆ 75 శాతమే ముడి. అందుకే పాఠం వినడానికి కాకపోయినా వేలిముద్ర వేయడానికి క్లాసుకొచ్చేవాళ్లు కనపడతారు. వాళ్లను సోమరులనుకోకండి. మధ్యాహ్నం నుంచి రాత్రి పదకొండు దాకా రీడింగ్ రూములో ఉండేది వాళ్లే. బల్ల మీద అర్థశాస్త్రం కాదు, గ్రూప్ టూ మెటీరియల్ ఉంటుంది. ఎంఏ అంటే తక్కువ ఖర్చుతో రెండేళ్లు నీడ, లైబ్రరీ, తోటి చదువరులు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని రాష్ట్రంలో ఇది తెలివైన ఏర్పాటే. డిపార్ట్‌మెంట్లు దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తాయి. నష్టపోయేది సబ్జెక్టు మీద నిజంగా ఇష్టంతో చేరిన ఒకరిద్దరు. వాళ్లకు మాట్లాడుకోవడానికి మనిషి దొరకడు.

కష్టం వస్తే ఎవరితో చెప్పాలి? ఒకప్పుడు దీనికి ఎన్నికైన సంఘం ఉండేది. ఉదయగిరి నుంచి 1978లో, 1983లో ఎమ్మెల్యేగా గెలిచిన వెంకయ్యనాయుడు అంతకుముందు ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం అధ్యక్షుడు. చంద్రబాబు నాయుడు ఎస్వీయూలో ఎంఏ చదువుతూ రాజకీయాల్లోకి వచ్చినవారే. ఆ తలుపు ఉమ్మడి రాష్ట్రంలో 1988లో మూతపడింది, విద్యార్థి సంఘం ఎన్నికలు ఆగిపోయాయి. 2006లో విద్యార్థి సంఘాల ఎన్నికలను పరిశీలించిన లింగ్డో కమిటీ ఎన్నికలు పెట్టాలనే చెప్పింది. అయినా ఇప్పుడు క్యాంపస్‌లో ఉన్నవి పార్టీల అనుబంధ సంఘాలు, కుల సంఘాలు. ధర్నాకు పనికొస్తాయి, మెస్ లెక్క అడగడానికి తక్కువ పనికొస్తాయి. ఎన్నికైనవాడైతే సంఘం డబ్బుకు జవాబు చెప్పాలి, ఇక్కడ ఎవరికీ ఎవరూ జవాబు చెప్పరు. ఆ సంఘాల జెండా ఏదైనా, కొత్తగా వచ్చిన పిల్లకు ముందు అక్కరకొచ్చేది వార్డెన్ ఫోన్ నంబరు, తన డిపార్ట్‌మెంట్ సీనియర్ అక్క. ర్యాగింగ్ అయితే మొహమాటం అక్కర్లేదు. రాష్ట్రంలో 1997 నుంచే దానికి చట్టం ఉంది, దేశమంతటికీ 1800-180-5522 అనే ఉచిత నంబరు ఉంది.

ఆడపిల్లల తల్లిదండ్రులు చాలామంది 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వైపు మొగ్గుతారు. గేటు ఒకటే, టైము కచ్చితం అని వాళ్ల నమ్మకం. కానీ పిల్లకు కావాల్సిన కోర్సు ఎక్కడుందో చూడకుండా గేటు చూసి చేర్పిస్తే, రెండేళ్లు ఇష్టం లేని సబ్జెక్టుతో ఆ గేటు లోపలే గడపాలి. ఎస్వీయూ క్యాంపస్‌లోనూ అమ్మాయిల హాస్టళ్లు వేరుగానే ఉన్నాయి. వెళ్లి చూసి, అక్కడున్న పిల్లలతో పది నిమిషాలు మాట్లాడి తేల్చుకోవడం మేలు.

ఇక బయటికొచ్చే రోజు. ఆఖరి పరీక్ష రాసి పెట్టె సర్దుకుంటే అయిపోయినట్టు కాదు. లైబ్రరీ, ల్యాబు, డిపార్ట్‌మెంట్, హాస్టల్ అన్నిచోట్లా నో డ్యూస్ సంతకాలు కావాలి. మెస్ బాకీ ఉంటే టీసీ ఇవ్వరు. ఒక్క పేపరు మిగిలినా పట్టా రాదు. మళ్లీ ఆ సెమిస్టర్ పరీక్ష పెట్టేదాకా ఆగాలి, సిలబస్ మారితే ఇంకో తంటా. మొదట ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇస్తారు, ఉద్యోగాల దరఖాస్తులకు అది సరిపోతుంది. ఒరిజినల్ పట్టా స్నాతకోత్సవానికి విడిగా దరఖాస్తు చేస్తేనే వస్తుంది. ఇంకో విశ్వవిద్యాలయంలో చేరాలంటే మైగ్రేషన్ సర్టిఫికెట్ వేరే. చేరినప్పుడు కట్టిన కాషన్ డిపాజిట్ తిరిగి రావాల్సిన డబ్బే. చాలామంది దాన్ని మర్చిపోయి రైలెక్కేస్తారు, కావలి దాటి ఇంటికొచ్చాక గుర్తొస్తుంది. ఆ డబ్బు కోసం మళ్లీ తిరుపతి పోతే రానూపోనూ చార్జీలు, ఒక పూట భోజనం, ఒక రోజు పని పోతాయి. రసీదు దాచుకుని, టీసీ తీసుకున్న రోజే డిపాజిట్ దరఖాస్తు కూడా అదే ఆఫీసులో ఇచ్చి రావాలి.